నాయన చొక్కాలు పంచిన పూట

మా నాయన పోయిన మూడో నెలలో మా ఇంట్లో ఇంకో ఘోరం జరిగింది. అది నేను చేతులారా చేసింది. చెబుతాను, నవ్వుకోండి. మా అమ్మ ముందు మాత్రం నవ్వకండి, ఆమె ఇంకా రెండు కలిపి చెబుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఇల్లు పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. నాయన పోయినా నా కంట చుక్క నీరు రాలేదు. దానికి బదులు కాలు ఒక చోట నిలిచేది కాదు. బస్సు కోసం నిలబడలేక తర్వాతి స్టాపుకు నడిచేవాణ్ణి. దారిలోనే బస్సు నన్ను దాటి పోయేది. ఈ జబ్బేమిటో తేల్చుకుందామని, దుఃఖాన్ని ఎలా దాటాలో నేర్పే పుస్తకాలు తెచ్చి, పరీక్షకు చదివినట్టు పెన్సిలుతో గీతలు గీస్తూ చదివాను. పోయినవారి వస్తువులు పంచేస్తే మనసు తేలికవుతుందని ఒకదాంట్లో ఉంది.

అమ్మ కుప్పంలో పెద్దమ్మ దగ్గరికి పోయి ఉంది. ఇంకేం! పొద్దున్నే బీరువా పై అరలోని చొక్కాలు అయిదూ సంచిలో కుక్కి, మదనపల్లె టమోటా మార్కెట్‌లో క్రేట్లు మోసే గంగులప్ప చేతిలో పెట్టేశాను.

మధ్యాహ్నం అమ్మ ఇల్లు చేరి ఫోను చేసింది. "పై అరలో సొక్కాలు యాడరా?"

"పంచేసినానమ్మా. మనం ముందుకు పోవల్ల కదా. పుస్తకంలో..."

"అయ్యో, ఎంత పని చేస్తివిరా! అవి..."

మిగతాది వింటే నేను నేనెందుకవుతాను? ఫోను కట్ చేసి, మళ్లీ మోగుతున్నా జేబులోకి తోసి మార్కెట్‌కు పరుగెత్తాను. లారీలు, అరుపులు, ఎటు చూసినా ఎర్రగా టమోటాలు. ఆ సందడిలో ఒక నీలి గళ్ల చొక్కా వీపు. అచ్చం నాయనే. గంగులప్పా అని పిలవబోయి "నాయనా!" అని కేక పెట్టాను. మూడు నెలల ఏడుపు, క్రేటు బోర్లించినట్టు ఒక్కసారిగా దొర్లింది.

గంగులప్ప బెదిరిపోయాడు. "యాలప్పా ఏడుస్తాండావు? సొక్కా కావల్లంటే తీస్కో. ఇంత దానికేనా?"

"మా నాయనదప్పా."

గంగులప్ప చొక్కా విప్పి నా చేతిలో పెట్టి, బనీనుతోనే ఇంటికి పోయి మిగతా నాలుగూ తెచ్చాడు. ఒక్క క్షణం నా వీపు నిమిరాడు.

పుంగనూరు దాకా వాటిని గుండెకు హత్తుకొని ముక్కు చీదుతూనే ఉన్నాను. కండక్టరు టికెట్ అడగడానికి కూడా జంకాడు.

"నాయన సొక్కాలన్నీ తెచ్చినానమ్మా!"

అమ్మ నా వాచిన కళ్లు చూసింది. "అవి మీ నాయనవి కాదురా. మీ మామవి. ఇద్దురూ ఒగే బట్టలో కుట్టిచ్చుకుంటా ఉండ్రి. గుండీలు కుట్టమని ఇచ్చిపోయినాడు. ఇప్పుడు పెండ్లికి పోవల్లని వచ్చి, లోపల బనీనుతో కూసోనుండాడు."

"మరి నాయనవి?"

"ట్రంకుపెట్టెలో ఉండాయి, ఒగటి తప్ప." చేతిసంచిలోంచి మడత నలగని చొక్కా తీసి చూపించింది. "ఇది కుప్పానికీ నాతోనే వచ్చింది."

లోపలి నుంచి మామ గొంతు: "అల్లుడూ, ఏడ్సడం అయిపోయింటే నా సొక్కా ఇయ్యప్పా. ముహూర్తం దాటిపోతాండాది."

కనుక చదువరులారా, చదివిన పుస్తకాలన్నిటి మీదా చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట చొక్కా ఎవరిదో అడిగి తెలుసుకోనిదే ఒక్క చుక్క కన్నీరు కార్చను.