ఇన్నయ్య అంటించని మూల

తార్నాకలో, బాబాయిని పిలిచినట్టు మేం కాకా అని పిలిచే ఇన్నయ్య రేకుల షెడ్డు ముందునుంచే నేను రోజూ ఆర్ట్స్ కాలేజీకి నడిచి వెళ్ళేదాన్ని. కార్ల సీట్లు, కప్పు లోపలి గుడ్డలు కుట్టడం ఆయన పని. వాళ్ళ నాయన జట్కాబండ్లకు మెత్తలు కుట్టేవాడట. కాకకు అక్షరం ముక్క రాదు. కప్పు గుడ్డ విప్పేటప్పుడు, దాన్ని పట్టి ఉంచే ఇనుప ఊచల వరుస తప్పకుండా మొదటి ఊచకు ఒక దారపు ముడి, రెండోదానికి రెండు ముడులు వేసుకునేవాడు. కొత్త గుడ్డ బిగించాక వేలితో నొక్కి చూసేవాడు. గుడ్డ వేలిని వెనక్కి తన్నకపోతే, యజమాని బాగుందన్నా సరే, మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

అరవైతొమ్మిది వేసవిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో క్లాసులు ఆగిపోయాయి. గోడల మీద రోజుకో కొత్త నినాదం. ఒక శుక్రవారం లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేద్దామని వెళితే గేటుకు తాళం ఉంది. తిరిగి వస్తుంటే కాక షెడ్డులోంచి పిలిచాడు.

"బిడ్డా, జర ఇటు రా. గీడేందో రాసున్నది, సదువు."

లోపల ఫిజిక్స్ లెక్చరర్ రంగనాయకులు గారి కారు ఉంది. రెండు తలుపుల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఎండకు బంక వదిలి కప్పు గుడ్డ జారి, ఆయన తల మీద గొడుగులా వేలాడేది. ఆయనది కోస్తా. వారం రోజులుగా వాళ్ళ గేటు మీద రాళ్ళు పడుతున్నాయి. ఆదివారం పొద్దున భార్యాపిల్లలతో ఈ కారులోనే బెజవాడ వెళ్ళిపోవాలని, ఈలోగా గుడ్డ మార్పించమని ఇచ్చారు.

గుడ్డ విప్పేసిన ఉత్త రేకు మీద, ఎడమ మూల, అంతకుముందు గుడ్డ వేసిన పనివాడి నీలం పెన్సిలు రాత ఉంది. పైకి చదివాను.

"ఈ బండి బోల్తా పడింది. ఎడమ కంబం చీలింది. తగరం పోసి కప్పెట్టారు. యజమానికి చెప్పాను. నోరు మూసుకుని గుడ్డ వెయ్యమన్నాడు. వేశాను. బెజవాడ, 1961."

కంబమంటే ముందు అద్దం పక్కన కప్పును మోసే కమ్మీ. కాక దబ్బనం తీసి అక్కడ పొడిచాడు. తగరం పెచ్చులు రాలాయి. దబ్బనం సగందాకా లోపలికి దిగింది. ఆయన దాన్ని వెంటనే బయటకు లాగలేదు.

సాయంత్రం రంగనాయకులు గారు వస్తే కాక ఆ రాత, చీలిక చూపించాడు. నేను షెడ్డు గుమ్మం దగ్గరే ఉండిపోయాను.

"ఎనిమిదేళ్ళు నడిచింది కదయ్యా! ఇప్పుడే విరుగుతుందా?"

"విరుగుతదని అంటలేను సారూ. గుంతల పడితే కప్పు కూసుంటదంటున్న. అతుకేయించి పోండి."

"ఎక్కడేయిస్తావ్? వెల్డింగు షాపులన్నీ బందేగా."

"అయితే రైలుకు పోండి. బండి నేను సూసుకుంట."

"నువ్వు చూసుకుంటావ్, వాళ్ళు తగలబెడతారు." ఆయన గొంతు తగ్గింది. "నిజం చెప్పు ఇన్నయ్యా. మేం పోవడం నీకిష్టం లేదా, బండి నీ చేతిలోంచి పోవడం ఇష్టం లేదా?"

కాక మొహం మాడిపోయింది. "మీ ఇంట్ల చాయ్ తాగినోన్ని సారూ. గంత మాటన్నరు."

"రేపటికి గుడ్డ వేసి ఉంచు. లేదంటే ఇలాగే తోలుకుపోతా."

శనివారం పొద్దున్నే కాక పని మొదలుపెట్టాడు. బంక సొల్యూషన్ వాసన వీధి చివరిదాకా కొట్టింది. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి నన్ను తీసుకెళ్ళాడు. గుడ్డంతా బిగించేశాడు, ఒక్క ఎడమ మూల తప్ప. అక్కడ మూరెడు మేర రేకు కనిపిస్తోంది.

"ఆని మాట కింద నా మాట రాయి బిడ్డా. నేను గూడ చెప్పిన అని రాయి. నా పేరు, తార్నాక, ఈ ఏడు."

పెన్సిలు రేకు మీద జారుతుంటే రెండుసార్లు దిద్దాను. కాక ఆ మూలకు బంక పూయలేదు. గుడ్డను పైకెత్తి రెండే రెండు వదులు కుట్లు వేశాడు.

"ఊడిపోదా కాకా?"

"ఊడాలెనే. ముంగటి సీట్ల ఎడమ దిక్కు కూసునేది సారింటి అమ్మగారే గదా, ఆమె సదువుతది."

ఆదివారం పొద్దున కారు తీసుకుపోవడానికి కుటుంబమంతా సామాన్లతో షెడ్డుకే వచ్చింది. పిల్లలిద్దరూ వెనక ఇరుకు సీటులో దూరారు. ఆయన భార్య కమలాదేవి గారు ముందు కూర్చుని తలుపు వేశారు. ఆ అదురుకు కుట్లు తెగి గుడ్డ ఆవిడ భుజం మీద పడింది.

ఎదురుగా హోటల్లో కూర్చున్న లచ్చయ్య గట్టిగా నవ్వాడు. "ఏమాయె ఇన్నన్నా! పెళ్ళికూతురుకు ముసుగేసినవా?"

కాక తల ఎత్తలేదు. కమలాదేవి గారు ఆ మూల వైపు చూసి, పెదవులు కదుపుతూ రెండు రాతలూ చదివారు. వేలు పెట్టి చీలికను తడిమారు. తర్వాత తలుపు తీసి దిగి, పిల్లల్ని చెయ్యి పట్టి దింపారు.

"ఏమిటిది కమలా? జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. మేం రైల్లో వస్తాం. మీరూ దిగండి."

ఆయన దిగలేదు. ఊడిన గుడ్డను విసురుగా పైకి దోపి, ఒక్కరే బండి కదిలించారు. మలుపు తిరిగేటప్పుడు ఆ మూల మళ్ళీ జారడం మాకు కనిపించింది.

కాక రిక్షా పిలిచి, ఆ ముగ్గురినీ సికింద్రాబాదు స్టేషన్ దాకా తనే దిగబెట్టి వచ్చాడు.

తర్వాతి శనివారం పోస్టుకార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కమలాదేవి గారి రాత. తేదీ గురువారానిది.

"సోమవారం ఉదయం క్షేమంగా చేరాము. వారు ఇంతవరకు రాలేదు. కారు గాని మళ్ళీ మీ దగ్గరికి వచ్చిందా? వెంటనే తెలుపగలరు."

కాక ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"కార్డున్నదా బిడ్డా ఇంట్ల?" అని అడిగాడు.

తెచ్చి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. "బండి ఇటు రాలేదని రాయి బిడ్డా," అన్నాడు కాక.