మూడు కట్టలు, పద్దెనిమిది

గంగమణికి లెక్క తప్పలేదు. పప్పు మాత్రం మాడింది.

ఒళ్లో చాట పెట్టుకొని, గోడకు వీపు ఆనించి, పొయ్యికి నాలుగడుగుల దూరంలోనే కూచుని బీడీలు చుడుతోంది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. పదహారో కట్టకు దారం చుడుతుండగా వాకిట్లోంచి కోడలు రజని పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది.

"అత్తమ్మా, గీన్నే కూసున్నవ్ గద. వాడకట్టు మొత్తం మాడు వాసన. జర సూడరాదు?"

"సూస్తనే ఉన్న బిడ్డా" అంది గంగమణి. ఆమె చూస్తున్నది చేతిలోని కట్టను.

రజని గిన్నె పట్టుకొని బయటికి వెళ్లగానే, గంగమణి చాటలోని కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కపెట్టింది. ప్రతి కట్టలోనూ ఇరవై ఐదే. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఈ నెలలో పప్పు మాడడం మూడోసారి. మూడుసార్లూ ఆమె ఇలా దొంగచాటుగా కట్టలు విప్పి తనకు తాను పరీక్ష పెట్టుకుంది. మూడుసార్లూ నెగ్గింది. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు పప్పెందుకు మాడుతోందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాని ప్రతిసారీ చనిపోయిన అత్త ముఖమే కళ్ల ముందుకొచ్చేది. చివరి మూడేళ్లూ అత్తకు సోయి లేదు. అన్నం కలిపి పెడుతుంటే "ఎవరి బిడ్డవే నువ్వు?" అని అడిగేది. అదీ మాడిన గిన్నెతోనే మొదలైంది.

ఆర్మూరులో పుట్టి, ఆర్మూరులోనే కోడలైన గంగమణికి తెలివి గురించి జనం చాలా మాటలు చెప్పారు. అయిదో తరగతిలో పద్యం అప్పజెప్పలేక నోరు పెగలకుండా నిలబడితే, ఈ పిల్లకు తెలివి లేదని సారు తేల్చేశాడు. తండ్రి ఆ మాట పట్టుకొని బడి మాన్పించి ఒళ్లో చాట పెట్టాడు. రెండేళ్లు తిరక్కముందే బీడీల కార్ఖానాలో ఆమె కట్టలు చూసి, పిల్ల మస్తు హుషారు అన్నారు. పెళ్లయ్యాక భర్త రాజమల్లు మస్కట్‌లో ఉన్న పన్నెండేళ్లలో అతను పంపినదానితో ఆమె రెండు గదులు వేయిస్తే, ఇగురం తెలిసిన, పైసా నిలబెట్టే కోడలని అత్త నలుగురికీ చెప్పుకుంది. "నీ దిమాక్ నాకుంటే నేనీడికెందుకొస్త?" అని రాజమల్లు ఫోనులో నవ్వేవాడు. ఇప్పుడతను తిరిగొచ్చి ఒక గోదాం దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. గంగమణి మాత్రం వీటిలో ఒక్క మాటనే నమ్మింది, సారు చెప్పినదాన్ని. మిగిలినవన్నీ మంచితనం కొద్దీ అన్న మాటలనుకుంది.

ఆమె తనను తాను నమ్మిన చోటు ఒకటుంది. అది పసుపు ఉడికే కడాయి పక్కన.

మాఘం వచ్చిందంటే చుట్టుపక్కల రైతులు ఆమెకోసం కబురు పెడతారు. తవ్విన పసుపును పెద్ద ఇనుప కడాయిలో పోసి, పైన తడి గోనెసంచులు కప్పి ఉడకబెడతారు. తక్కువ ఉడికితే కొమ్ము ఎండాక పెళుసెక్కుతుంది, ఎక్కువ ఉడికితే మెత్తబడి రంగు చచ్చిపోతుంది. అందరూ పుల్ల గుచ్చి చూస్తారు. గంగమణి పుల్ల ముట్టదు. గోనెసంచి అంచు ఎత్తి, ఆవిరిలోకి ముఖం పెట్టి, కళ్లు మూసుకొని కాసేపు నిలబడుతుంది. "తియ్యుండ్రి మంట" అంటుంది. అప్పుడు పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగేది. ఇరవై ఏళ్లుగా ఇదే. దీన్ని తెలివి అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

ఈ ఏడు ముప్కాల్‌లో రైతు రాజేశ్వర్ చేనుకాడ మొదటి కడాయే చెడింది. గంగమణి ఆవిరిలో ముఖం పెట్టి ఎదురుచూస్తూనే ఉంది. ఎవరో ఆగలేక గోనెసంచి లాగేసరికి, కొమ్ములు వేళ్లతో నొక్కితే చితికిపోయేలా ఉన్నాయి. రాజేశ్వర్ ఒక పుల్ల తీసి చెక్కసాగాడు. అది ఆమెకు గుచ్చుకుంది. పది రోజుల తర్వాత అతను ఫోన్ చేశాడు.

"అక్కా, మిగిలిన పసుపు ఆయితారం ఉడకవెడ్తున్నం. నీ పానం మంచిగుంటెనే రా. లేకుంటే ఫికర్ లేదు, పుల్ల గుచ్చుకుంట చేస్కుంటం."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు చాట ముందు చేతులు ముడుచుకొని కూచుంది. అది చూసిన రజని ఇక ఊరుకోలేదు.

"రేపు నిజామాబాద్ పోదాం. మెదడు డాక్టరుకు సూపెడ్త."

"నాకేమైందే?"

"ఏమన్న అయిందా, కాలేదా, గదే అడుగుదాం. మీ అత్తమ్మ లెక్క అయితనేమోనని సాటుంగ కట్టలిప్పి లెక్కవెట్టుకుంట ఎన్ని దినాలు కూసుంటవ్?"

గంగమణి బిత్తరపోయింది. "నువ్వు సూసినవా?"

"రెండుసార్లు సూసిన."

డాక్టరు చిన్న వయసామె, నెమ్మదిగా మాట్లాడింది. ముందు తేదీ అడిగింది.

"మాఘం పోతున్నది. ఇంకో వారమైతే శివరాత్రి."

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. మూడు పేర్లు చెప్పి, గుర్తుంచుకొమ్మని, తర్వాత అడిగింది. "వందలోంచి ఏడు తీసేస్తే ఎంతమ్మా? అలా ఏడేడు తీసేస్తూ చెప్పండి."

గంగమణి పెదవులు కదిలాయి. "మూడు కట్టలు, పద్దెనిమిది."

డాక్టరమ్మ తలెత్తింది.

"మూడు కట్టలు, పదకొండు" అంది గంగమణి. "మూడు కట్టలు, నాలుగు. రెండు కట్టలు, ఇరవై రెండు."

డాక్టరమ్మ కలం కాగితం మీద ఇంటూ గుర్తు పెడుతుండటం రజనికి కనబడింది. కుర్చీలోంచి సగం లేచింది. "మేడమ్, కట్టంటే ఇర్వై అయిదు. తప్పేం చెప్తలేదు, మీరే కలుపుకోండ్రి."

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కవేసుకుంది. మూడు కట్టలంటే డెబ్బై ఐదు, పద్దెనిమిది కలిపితే తొంభై మూడు. తర్వాతది ఎనభై ఆరు. ఆమెకు నవ్వొచ్చింది. "తప్పు నాదేనమ్మా. మీరు నాకంటే వేగంగా చెబుతున్నారు" అంటూ పెట్టిన గుర్తులన్నీ కొట్టేసింది. ముందు చెప్పిన మూడు పేర్లూ గంగమణి వరుస తప్పకుండా అప్పజెప్పింది.

"మరి పప్పు మాడుతుంటే మీకెందుకు తెలియలేదు?"

"వాసన రాలె మేడమ్. ఈ మధ్య పప్పులకు వాసనెక్కడుంది? అన్నీ మందులు కొట్టి పండిస్తున్నరు. పసుపు గూడ గట్లనే అయింది. రెండేండ్ల సంది వాసన తగ్గుకుంట తగ్గుకుంట, ఈ యేడు సాంతం పోయింది."

డాక్టరమ్మ రజని సంచివైపు చూసింది. "టిఫిన్ డబ్బాలో ఏముందో చెప్పకండి. మూత తీసి అత్తగారి ముక్కు దగ్గర పెట్టండి. అమ్మా, మీరు కళ్లు మూసుకోండి."

రజని మూత తీసింది. ఎల్లిపాయ కారం ఘాటు గది నిండా కమ్ముకుంది. బయట కూచున్న ఎవరో దగ్గారు.

"ఏముందమ్మా?"

"డబ్బ."

"డబ్బాలో?"

"నాకేమెరుక? మూత తీసిన సప్పుడైతె ఇనిపించింది."

ఆ కారం పొద్దున ఆమె చేత్తోనే దంచింది.

మెదడు ఫొటో తీశారు, శుభ్రంగా ఉంది. పక్క గదిలో ముక్కు డాక్టరు లైటు వేసి చూశాడు. రెండు వైపులా కండ పెరిగి దారి మూసేసిందన్నాడు. నెల రోజులు స్ప్రే వాడాలి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. ఆ తర్వాత వాసన మెల్లగా వస్తుందని చెప్పాడు.

"అంటె, మతి పోలేదా?" అని గంగమణి రెండుసార్లు అడిగింది.

"మతికేం కాలేదమ్మా, గట్టిగా ఉంది. ముక్కే పని మానేసింది."

దవాఖాన మెట్ల మీదే ఆమె కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకొని రజని కంగారుగా వంగింది. గంగమణి నవ్వుతోంది.

"పసుపును తిట్టిన రజనీ. రెండేండ్లు పసుపునే తిట్టిన."

ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ ముప్కాల్ బస్సు దిగారు. చేనుకాడ అప్పటికే కడాయి కింద మంట పెట్టారు. గంగమణి దాచుకోలేదు.

"రాజేశ్వర్, నా ముక్కు మూసుకపోయింది. గందుకే మొన్న నీ కడాయి ఖరాబైంది. ఇయ్యాల ముక్కును ఎంబడి తోల్కొచ్చుకున్న" అని కోడలిని చూపించింది.

రాజేశ్వర్ రజనిని ఎగాదిగా చూశాడు. "ముక్కు మంచిగనే ఉన్నదక్కా. కోపం గూడ దాని మీదనే ఉంటదా?"

"వంట మాడితే ఉంటది" అంది రజని.

గోనెసంచి అంచు ఎత్తి రజని ఆవిరిలోకి ముఖం పెట్టింది. గంగమణి పక్కనే నిలబడింది.

"ఏమొస్తున్నది?"

"పసుపు వాసన."

"గది నాకు గూడ ఎరుకే. సక్కగ చెప్పు."

"తడి మన్ను లెక్క. ఘాటున్నది. గొంతుల గుచ్చుతున్నది."

"ఇంక గాలె. కట్టెలు ఎగదొయ్యుండ్రి."

మళ్లీ ఎత్తారు. మన్ను వాసన పోయింది, ఘాటు ఉంది. మళ్లీ ఎత్తారు. రజని కళ్లు మూసుకొని ఈసారి ఎక్కువసేపు ఉంది. రాజేశ్వర్ పుల్ల పట్టుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. గంగమణి అతని వైపు చూడలేదు.

"గుచ్చుతలేదు అత్తమ్మా. జర తియ్యగ, కందగడ్డ ఉడికినట్టు."

"తియ్యుండ్రి మంట."

పుల్ల దిగింది. రాజేశ్వర్ ఒక కొమ్ము విరిచి, ఎండకు ఎత్తి పట్టి, నడిమి దాకా ఒకే రంగు ఉండటం చూశాడు. దాన్ని గంగమణి చేతిలో పెట్టి, పనివాళ్ల వైపు తిరిగాడు. "రెండోది పొయ్యుండ్రి. అక్క చెప్పినప్పుడే మంట తియ్యాలె." పుల్లను తీసి పొయ్యిలో వేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచున్నాక, గంగమణి కోడలి చెయ్యి తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్లు పచ్చగా ఉన్నాయి. గట్టిగా పీల్చింది.

"వచ్చిందా?" అని అడిగింది రజని.

"రాలె" అంది గంగమణి. ఆ చెయ్యి వదలకుండానే తల వెనక్కి వాల్చింది. బస్సు ఆర్మూరు గుట్టలు కనబడే మలుపు తిరిగేసరికి ఆమె గాఢంగా నిద్రపోయింది.