ఐసులో చెరిగిన పేరు

ఇది ఎప్పుడో రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరం రాదు. బస్సు బోర్డయినా, మందుల చీటీ అయినా మా ఇంట్లో చదివి చెప్పేది పదేళ్ళ నా కూతురే. ఆ ఏడు వచ్చిన జ్వరం దాని ప్రాణం వదిలిపెట్టింది గానీ చదువు పట్టుకుపోయింది. చదివిపెట్టేవాళ్ళు లేక, యాభై దాటాక నేనే నేర్చుకున్నాను.

మా ఆయన అప్పటికే లేడు. పామర్రులో చేపలమ్మేదాన్ని. నాలుగు రోజుల జ్వరం తర్వాత పిల్లకి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో దాని నడుములోంచి సూదితో నీరు తీశారు.

"దోమ కాటుతో మెదడుకెక్కే వైరస్ ఒకటుందమ్మా. అదే అయితే, దానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఈ నీటిలో దొరుకుతాయి. విజయవాడ ల్యాబుకి చల్లగా తీసుకెళ్ళు," అంది నర్సు. చిన్న సీసా మీద పిల్ల పేరు రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఐస్ ప్యాకున్న డబ్బాలో పెట్టి ఇచ్చింది.

చల్లదనం సంగతి నాకొకరు చెప్పాలా? ఆ ప్యాకు చాలదనిపించింది. కవరుంటే చలి లోపలికి దిగదని తీసేశాను. మార్కెట్లో ఐసు కొట్టించి, చేపని కప్పినట్టు సీసాని కప్పేశాను. పిల్లని పక్క మంచం ఆవిడకి అప్పజెప్పి బస్సెక్కాను.

పటమట దగ్గర ల్యాబులో అతను మూత తీసి ముక్కు చిట్లించాడు.

"పులుసుకి తెచ్చారా అమ్మా?" తడి సీసాని వెలుతురులో తిప్పాడు. "పేరేదండీ? సిరా అంతా కరిగిపోయింది."

"నా కూతురిదేనండీ. నా చెయ్యి దాటలేదు."

"చెయ్యి దాటలేదని రిపోర్టు మీద రాయలేను కదమ్మా. పేరు లేనిది తీసుకోం. మళ్ళీ తీయించండి."

దారిలో రెండుసార్లు డబ్బా మూత తీసి చూశాను. సిరా పాకుతూనే ఉండి ఉంటుంది. నాకది ఉన్నా లేనట్టే.

సాయంత్రం పిల్ల కదలకుండా నేనే ముడిచి పట్టుకున్నాను. మొదటిసారి సూది దిగినప్పుడు అమ్మా అని ఏడ్చింది. ఈసారి ఏడవలేదు. నావల్లే రెండో సూది పడిందని ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోడానికి ఎవరున్నారు.

మర్నాడు పొద్దున ఐసు జోలికి పోలేదు. పేరు మీద టేపు అంటించమని నర్సుని అడిగాను. బస్సులో పక్కనావిడ చేత ఒకసారి, దిగేముందు కండక్టరు చేత ఒకసారి ఆ పేరు చదివించుకున్నాను. ల్యాబులో అతను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ముందు చదవండి," అన్నాను.

చదివాడు. నా కూతురి పేరే. అప్పుడు ఇచ్చాను.