నా కొలత తీసుకున్న వదిన

“అక్క పోయింది” అని మా ఆయన ఫోన్ చేసేసరికి నేను గచ్చిబౌలి ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ల్యాప్‌టాప్ మూసి, కిందికి దిగి క్యాబ్ కోసం నిలబడ్డాను. కన్నీళ్లు రాలేదు. అప్పటికి ఆమెతో నాకు మాటలు లేవు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను జరిగింది రాస్తాను.

ఆమె మా ఆయనకు పెద్దక్క. సంగారెడ్డి దగ్గరి పల్లెలో పుట్టింది. భర్త రైల్వే ఉద్యోగం వల్ల చాలా ఏళ్లు ఉత్తరాదిన ఉండి, అక్కడి ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గర ఊలు అల్లడం నేర్చుకుంది. ఆయన పోయాక మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే, మా కింది అంతస్తులో ఉండేది. నేను కర్నూలు పిల్లను. నా మాట, నా వంట, నా బట్టలు, ఏదీ ఆమెకు నచ్చేది కాదు. బెల్లు కొట్టకుండా లోపలికి వచ్చి, నా కుర్తీ అంచు రెండు వేళ్లతో పట్టుకుని, “గిదేం కుట్టుడు? టైలర్ నిన్ను చూసి కుట్టిండా, గోడను చూసి కుట్టిండా?” అనేది. అదీ చుట్టాల ముందు.

కొన్నేళ్ల కిందట నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు. ఈ సంగతి ఇంట్లోనే ఉంచమని అందరినీ బతిమాలాను. దవాఖాన నుంచి వచ్చిన రోజే, లిఫ్టులో ఎదురైన ముక్కూమొహం తెలియని ఆవిడ నా ఛాతీ వైపు చూసి “ఇప్పుడెలా ఉందమ్మా?” అంది. వదిన చెప్పేసింది. కూరగాయల బండి దగ్గర, టెర్రస్ మీద, నలుగురు కనిపించిన ప్రతిచోటా.

“ఎందుకు చెప్పినారు వదినా?”

“చెప్తే ఏమైతది? దొంగతనం చేసినవా, దాసుకోనీకె?”

తప్పయిందని ఆ రోజు అనలేదు, తర్వాతా అనలేదు. ఇప్పటికీ నేను దాన్ని క్షమించలేదు.

మళ్లీ ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. తీసేసిన రొమ్ము చోట పెట్టుకోవడానికి షాపులో కొన్న సిలికాన్‌ది బరువు. చెమటకు గాయం మచ్చ మండేది. గుడ్డ మడిచి పెట్టుకుంటే మధ్యాహ్నానికి పైకి జారేది. ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని కారిడార్లలో నడిచేదాన్ని. అది వదిన కంటబడింది. ఫోన్‌లో ఏదో ప్యాటర్న్ వెతికి, నూలుతో గుండ్రటి మెత్త అల్లి, లోపల దూది కూరి తెచ్చింది. పెట్టుకుంటే కొబ్బరికాయలా పొడుచుకొచ్చింది. తీసి ఆమె ఒళ్లోకి విసిరేశాను.

“మీకు అన్నీ తెలుసు కదా! చూసినారా?”

నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది.

ఆమె దాన్ని నొక్కి, తిప్పి చూసింది. “ప్యాటర్న్‌ది తప్పులేదు. గీ నూలు లావుంది. నా చెయ్యి వదులు.” అక్కడే కూర్చుని మొత్తం విప్పేసింది.

అల్లిక తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇన్ని అంగుళాల్లో ఇన్ని కుట్లు పట్టాలని ప్యాటర్న్‌లో రాసి ఉంటుంది. దాన్ని గేజ్ అంటారు. అల్లేవాళ్ల చెయ్యి వదులైతే కుట్లు తక్కువ పట్టి వస్తువు పెద్దదవుతుంది, బిగువైతే చిన్నదవుతుంది. అందుకే ముందు అదే నూలుతో, అవే సూదులతో అరచేతంత శాంపిల్ ముక్క అల్లి చూసుకోవాలి. వదిన ఆ ముక్కను నా వంటింటి సింకులో తడిపి, టవల్లో ఒత్తి, పరిచి ఆరబెట్టింది. మర్నాడు స్కేలుతో అంచులు వదిలేసి మధ్యలో కొలిచింది. “తడిసి ఆరినంకనే అసలు కొలత చెప్తది. గంతకుముందు చెప్పేది అబద్ధం” అంది. సన్న సూదులు తీసి ఇంకో ముక్క అల్లింది. అది కుదిరాక నా వైపు తిరిగింది.

“ఇగ నీ కొలత. దుపట్టా తియ్యి.”

“నాకొద్దు.”

“నేను చూడందా? దవాఖానల నీ గౌను ముడి కట్టింది ఎవరు?”

నిజమే. ఆ వారమంతా నా మంచం పక్కన ఉన్నది ఆమే. మిగిలిన రొమ్మును టేపుతో అడ్డంగా, నిలువుగా కొలిచింది. ముఖంలో జాలి లేదు. ఉండి ఉంటే ఆ రోజే బయటికి గెంటేదాన్ని.

రెండోది సరిగ్గా కుదిరింది. పెట్టుకుని ఆఫీసుకు పోయాను. లంచ్ టైమ్ దాకా అది ఉందనే గుర్తు రాలేదు. ఆమె రుణం నాకెందుకని, అల్లడం నేర్పమని నేనే అడిగాను. నా శాంపిల్ ముక్కలన్నీ బిగుసుకుపోయి చిన్నవిగా వచ్చేవి.

“కోపంతోని అల్లుతున్నవ్, అందుకే కుట్లు బిగుస్తున్నయ్.”

“అంటే కోపం తగ్గించుకోవాల్నా?”

“నేను గట్లన్ననా? కోపం ఉండనియ్. సూది మార్చు. జర లావుది తీస్కో.”

ఆమె అన్న మాటల్లో నాకు పనికొచ్చింది ఇదొక్కటే అనుకుంటాను.

ఈ ఏడు చెకప్‌కు నాతో వచ్చింది. నేను స్కానింగ్ నుంచి బయటికొచ్చేసరికి వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. మళ్లీ చెప్పేసిందని అర్థమైంది. ఆమెను అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఆ తర్వాత మాట్లాడలేదు. అట్లాగే పోయింది.

కర్మకాండలు అయ్యాక ఒకామె బోరబండ నుంచి వెతుక్కుంటూ వచ్చింది. వదిన ఫోన్ ఎత్తడం లేదని వచ్చానంది. గుమ్మంలోనే సంగతి చెప్పాను.

“నాకు అల్లిస్తనన్నరు. దవాఖానల మీరు స్కానింగ్‌కు లోపలికి పోయినప్పుడు ఆమె అందరికి చెప్పిన్రు, మా మరదలు రోజు ఆఫీసుకు పోతది, ఎవ్వరు గుర్తు పట్టరు అని. నాకు గూడ గిట్లనే తీసేసిన్రు. అప్పటిసంది నేను ఇల్లు కదుల్తలేను.”

వదిన నా ఒంటి సంగతి మళ్లీ అంతమందిలో పరిచింది. పోయిన మనిషి మీద ఒళ్లు మండిపోయింది. ఈమెకు మేలైంది కదా అని ఆ మంట చల్లారలేదు. అది వేరు, ఇది వేరు.

“లోపలికి రా అమ్మా” అని తలుపు వేశాను. “కొలత తీసుకోవాల. నీకు ఇష్టమైతేనే.”

ఆమె తల ఊపింది.

శాంపిల్ అల్లి, తడిపి, ఆరబెట్టి కొలిచాను. మళ్లీ బిగువే. సూది మార్చాను. ఒక ఆదివారం ఆమె వచ్చి, బెడ్‌రూమ్‌లోకి వెళ్లి పెట్టుకుని బయటికొచ్చింది. “పోయొస్త అక్కా” అంది. డిపో దాకా తోడు వెళ్లాను.

బస్సు కిక్కిరిసి ఉంది. సీటు దొరకలేదు. కింద నుంచి కిటికీలో కనిపించింది: ఆపరేషన్ అయిన వైపు చెయ్యే పైకెత్తి రాడ్ పట్టుకుంది. బస్సు కదిలింది. గాలికి కొంగు పక్కకు పోయింది. సర్దుకోకుండా అట్లాగే నిలబడి, ముందున్న రోడ్డు వైపు చూస్తోంది.