మా మిస్ మీద నేను పెట్టిన సంతకం

మా మిస్ చనిపోయారన్న కబురు నాకు ఫోన్‌లో, పాత కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది. "మన ల్యాబ్ అసిస్టెంట్ ఇక లేరు" అని ఎవరో పెట్టారు. కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. అప్పుడు నేను వేలూరులో మా ఆఫీసు శిక్షణ గదిలో, కొత్తగా చేరిన పదకొండు మందికి ప్రోగ్రామింగ్ మొదటి పాఠం చెప్తున్నాను. ఆ పాఠం ఆమెది. ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి.

మా వైపు బడిలోనైనా కాలేజీలోనైనా పాఠం చెప్పే ఆడమనిషిని పిల్లలు 'మిస్' అంటారు. మేమూ ఆమెను అలాగే పిలిచాం. కాలేజీ మటుకు అలా పిలవలేదు. ఆమె మెడలోని కార్డు మీద ల్యాబ్ అసిస్టెంట్ అని ఉండేది. కంప్యూటర్లు ఆన్ చేయడం, హాజరు వేయడం, సాయంత్రం తలుపుకు తాళం వేయడం ఆమె పని. పాఠం చెప్పాల్సినవాళ్లు పై అంతస్తులో ఉండేవారు. తెరమీది ఇంగ్లీషు చదివి వినిపించి వెళ్లిపోయేవారు. ఒక్క ముక్క అర్థం కాక మేం మెట్లు దిగి ల్యాబ్‌కు వచ్చేవాళ్లం. మాకు పాఠం అక్కడ మొదలయ్యేది.

మొదటి రోజు ఆమె ఏ కంప్యూటరూ ఆన్ చేయలేదు. సంచిలోంచి ఒక గళ్ల లుంగీ తీసి బల్ల మీద పరిచారు. ఆమెది వేలూరు దగ్గరి గుడియాత్తం. భర్త మగ్గం నేసేవారు. అది ఆయన నేసిన లుంగీ.

"దీన్ని మడత పెట్టాల. నాకు మడత పెట్టేది తెలీదు. మీరు చెప్పండి, నేను చేస్తా" అన్నారు.

"సగానికి మడవండి మిస్" అన్నాడు ముందు వరసలో ఒకడు.

"ఏ సగానికి? పొడుగులోనా, అడ్డంలోనా?"

"పొడుగులో మిస్."

ఆమె మడిచారు. "మళ్లీ సగానికి మడవండి, అట్లే మడస్తా ఉండండి" అన్నాను నేను.

ఆమె మడుస్తూ పోయారు. లుంగీ నోటుపుస్తకమంత అయింది, తర్వాత ఇటుకంత అయింది. ఇక మడత పడటం లేదు. అయినా రెండు చేతులతో అదుముతూనే ఉన్నారు. ముక్కు మీద చెమట పట్టింది. మేం నవ్వుతున్నాం.

"చాలు మిస్, ఆపండి."

"ఎప్పుడు ఆపాలో నువ్వు చెప్పలేదే అమ్మా. మిషనూ ఇంతే. మనం అనుకున్నది చేయదు, చెప్పింది చేస్తాది. ఆపే లెక్క చెప్పకుంటే మడస్తానే ఉంటాది."

ఒకదాని తర్వాత ఒకటిగా ఆదేశాలు ఇవ్వడం, ఒకే పనిని పదేపదే చేయించడం, ఎక్కడ ఆగాలో షరతు పెట్టడం, ఇవన్నీ ఆ ఒక్క గంటలో నాకు తెలిసిపోయాయి. వాటిని లూప్ అనీ కండిషన్ అనీ అంటారని ఆమె వారం తర్వాతగానీ చెప్పలేదు. "పేరు కడాన నేర్చుకోవచ్చు" అనేవారు. వేరియబుల్ అంటే ఏమిటని ఒకమ్మాయి అడిగితే తన క్యారియర్ గిన్నె మూత మీద సుద్దముక్కతో 'కూర' అని రాసి చూపించారు. "నిన్న ఇందులో వంకాయ. ఈపొద్దు చిక్కుడు. పైన పేరు మారిందా? అంతే."

ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోయినా ఆమె వాళ్ల వెనక వచ్చి నిలబడేవారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకునేవారు. మా కీబోర్డు మీద ఆమె వేలు పడగా నేను చూడలేదు. తెర మీద ఎర్రక్షరాలు వస్తే భయపడి తుడిచేసేవాళ్లం. "అది తిట్టు కాదు నాయనా. యాడ తప్పిందో చెప్తా ఉండాది. కడపటి లైను గట్టిగా చదువు" అనేవారు. చదివేవాళ్లం. సగంసార్లు చదువుతుండగానే తప్పు దొరికేది. ఆమె పక్క బల్లకు వెళ్లిపోయేవారు.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో చదివింది తమిళం. తెలుగక్షరం నాకు అప్పట్లో ఒక్కటీ రాదు. ప్రోగ్రామ్‌లో మిషను పట్టించుకోని లైన్లు కొన్ని ఉంటాయి, చదివే మనుషుల కోసం రాసేవి. మిస్ తన నోటుపుస్తకంలో వాటిని తెలుగులో రాసుకునేవారు. ఇవేమిటని ఒకరోజు అడిగాను.

"ఇంట్లో మాట్లాడే భాషే. నీ పేరన్నా రాసుకోవద్దా నువ్వు?" అన్నారు.

ఆ ఏడాదంతా మధ్యాహ్నం అన్నాలయ్యాక పావుగంట నాకు అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ నాలుగు మాటలు నేను రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే. నేర్చుకున్న సంబరంలో అన్ని కాగితాల మీదా తెలుగులోనే సంతకం పెట్టడం మొదలుపెట్టాను.

మేం చివరి సంవత్సరంలో ఉండగా కాలేజీని చూడటానికి పై అధికారుల తనిఖీ బృందం ఒకటి వచ్చింది. వాళ్లు ల్యాబ్ తలుపు తీసే వేళకు మిస్ మొదటి సంవత్సరం పిల్లలకు తెలుగూ తమిళమూ కలిపి పాఠం చెప్తున్నారు. అసిస్టెంట్ పాఠం చెప్పడమేమిటి, అదీ ఆ భాషలో ఏమిటి అని అడిగారట. వాళ్లు వెళ్లిన మర్నాడు, కంపెనీ ఇంటర్వ్యూలకు పేరిచ్చిన మమ్మల్నందరినీ మా విభాగం పెద్ద తన గదికి పిలిచారు. బల్ల మీద టైపు చేసిన ఉత్తరం సిద్ధంగా ఉంది. ల్యాబ్‌లో ఇంగ్లీషు వాడకపోవడం వల్ల మేం ఇంటర్వ్యూలలో మాట్లాడలేకపోతున్నామని, దానికి ఆ అసిస్టెంటే కారణమని అందులో ఉంది.

"సంతకం పెట్టనివాళ్ల పేరు కంపెనీకి పంపేది కష్టం" అన్నారాయన, ఫోన్ చూసుకుంటూ.

మా నాయన ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించేవాడు. కుడిచేతి రెండు వేళ్లు అప్పటికే ముడుచుకునేవి కావు. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు. సాకు కోసం. నా వెనక నిలబడిన ఒకమ్మాయి పెట్టనని చెప్పి బయటికి వెళ్లిపోయింది. వాళ్ల నాయన మా నాయన పక్క బల్ల దగ్గరే పనిచేసేవాడు.

నేను పెట్టాను. చేయి అలవాటు కొద్దీ తెలుగులో రాసేసింది. విభాగం పెద్ద కాగితం తిప్పి చూసి, "ఇది తెలుంగా?" అని తమిళంలో అడిగి నవ్వారు.

మిస్‌ను ల్యాబ్ నుంచి తీసేసి, గేటు పక్క గదిలో పిల్లల ఐడీ కార్డులు ముద్రించే పని ఇచ్చారు. గదికి గేటు వైపు కిటికీ ఉండేది. మేం ఆ ఏడాది మిగిలిన నెలలన్నీ వెనక గేటు నుంచి నడిచాం. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె మరో రెండేళ్లు ఆ కార్డులు ముద్రించి మానేశారని తర్వాత విన్నాను.

ఆఫీసులో కొత్తవాళ్లకు నేర్పే పని నాకిచ్చినప్పుడు నేనూ ఒక లుంగీ పట్టుకెళ్లాను. పాఠం అందరికీ నచ్చింది. ఇలా చెప్పాలని ఎలా తోచిందని మా మేనేజర్ అడిగితే, ఊరికే తోచిందన్నాను. ఆఫీసు పత్రికలో నా ఫోటో వేసి, నా పద్ధతి అని రాశారు. ఆ కాగితం మా అమ్మ బీరువా తలుపుకు అంటించింది.

నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం ధైర్యం చేసి గుడియాత్తం వెళ్లాను. ఆమె ఇంటి ముందుగదిలో చాప మీద ఎనిమిదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఉన్న ఒక్క కంప్యూటర్ ముందు వంతులవారీగా కూర్చుంటున్నారు. మిస్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. పాఠమయ్యేదాకా ఆగి, వాళ్లు వెళ్లాక నోరు తెరిచాను.

"మిస్, ఆ ఉత్తరంలో..."

"తెలుసునమ్మా. నాకు చూపించినారు. అన్నీ ఇంగ్లీషు సంతకాలే. నడిమధ్య ఒకటి తెలుగుది. నేను దిద్దించిన అక్షరమే కదా, గుర్తుపట్టనా?"

"ఉద్యోగం రాదేమోనని భయపడినాను మిస్."

"అది నాకు అర్థమైంది. అప్పుడే అర్థమైంది. అర్థమైతే నొప్పి ఉండదనుకున్నావా?"

ఆమె లోపలికి వెళ్లి కాఫీ కలుపుకొచ్చారు. ఏం పని చేస్తున్నావని అడిగారు. కొత్తవాళ్లకు నేర్పుతున్నానన్నాను. ఎట్లా నేర్పుతున్నావని అడగలేదు. అడిగితే బాగుండునని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. "కొంజం తొందరగా పో, బస్సుకు జనం ఎక్కువైపోతారు" అన్నారు. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

తర్వాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. వారానికి రెండుసార్లు వేలూరు వచ్చి డయాలసిస్ చేయించుకునేవారట. ఆ ఆసుపత్రి మా ఆఫీసుకు రెండు వీధుల అవతల. రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ రెండు వీధులు దాటలేదు. క్షమించానన్న మాట ఆమె నోట వస్తుందని నమ్మకం ఉంటే వెళ్లేదాన్నేమో. అది రాదని తెలుసు. రాకపోయినా వెళ్లి పక్కన కూర్చోవచ్చని ఇప్పుడు తోస్తోంది.

కబురు తెలిసిన రోజు నేను గుడియాత్తం చేరేసరికి అంతా అయిపోయింది. మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేస్తున్నారు. ముందుగదిలో నేను అంతకుముందు చూసిన ఫ్యాక్టరీ ఆడవాళ్లలో ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. వాళ్ల వీధి కుళాయి దగ్గర ఏ రోజు ఎవరి వంతో చెప్పే ప్రోగ్రామ్ తానే రాశానని, దాంతో తగాదాలు తగ్గాయని ఆమె నాతో చెప్పింది. ఏడవకుండా చెప్పింది. "నువ్వూ మిస్ దగ్గర నేర్చుకున్నదానివేనా?" అని అడిగింది.

"అవును" అన్నాను.

బయటికి వస్తే ఇంటి ముందు రెండు సరుగుడు కొయ్యలకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ఉదయం కాలేజీవాళ్లు వచ్చి కట్టి వెళ్లారట. ఆమె కార్డు మీది ఫోటోనే పెద్దది చేశారు. పేరు కింద తమిళంలో 'పేరాసిరియై' అని లావు అక్షరాలు. అంటే ప్రొఫెసర్. తడితల ఆరకుండానే ఆమె భర్త దాని ముందు నిలబడి ఆ మాటను మెల్లగా పైకి చదివారు.

"ఈ మాట కోసరం ఆమె పాఠం చెప్పలేదమ్మా. కానీ బతికుండగా ఇయ్యనిది, ఇప్పుడు నా వాకిట్లో ఎందుకు కట్టినారు?" అన్నారు నాతో.

లోపలి నుంచి మగ్గం దగ్గర దారం కత్తిరించే కత్తెర, ఒక స్టూలు తెచ్చారు. నేను స్టూలు పట్టుకున్నాను. ఆయన స్టూలెక్కి, చుట్టూ ఒక్క అక్షరం చెడకుండా ఆ మాట ఒక్కటే కత్తిరించి తీసి కాలవలో వేశారు. పైన మిస్ మొహం అలాగే ఉంది. కింద పలక వెడల్పున ఖాళీ. స్టూలు లోపల పెట్టడానికి గుమ్మం ఎక్కి తిరిగి చూస్తే, ఆ ఖాళీలోంచి వీధి కనిపిస్తోంది. కబురు తెలియని ఒకామె, ఫ్యాక్టరీ చీర మార్చుకోకుండానే, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, పాఠానికి ఆలస్యమైందని గబగబా ఇటే నడిచి వస్తోంది.