గడ్డకట్టిన సీసా

ఈ రోజు పొద్దున ఒక తప్పు చేశాను. బాత్రూంలో ఉప్పునీటి మరకలు పోవడానికి తెచ్చిన ఘాటైన ఎసిటిక్ యాసిడ్‌ను కొంత తాగే నీళ్ల సీసాలో పోసి, వంటగది గట్టుమీద మరిచిపోయాను. శామీర్‌పేట నుంచి సుచిత్ర చౌరస్తా దగ్గరి మా ఇంటికి వచ్చిన చెల్లెలు సుజాత దాహమై దాని మూత తీసింది. వాసన తగిలి ఆగిపోయింది.

"ఏంది అన్నా గిది? బాపు ఫొటోల గది వాసనొస్తాంది."

మేం బాపు అని పిలిచే మా నాన్నకు మేడ్చల్‌లో ఫొటో స్టూడియో ఉండేది. ఎర్ర బల్బు వెలిగే చీకటిగదిలో మొదటి ట్రేలోని మందునీళ్లలో తెల్లకాగితం మీద ముఖాలు మెల్లగా తేలేవి, రెండో ట్రేలో నీళ్లు కలిపిన ఈ యాసిడ్ ఆ తేలడాన్ని అక్కడికక్కడే ఆపేది. పెళ్లిళ్ల కాలమంతా బాపు చొక్కాలకూ మా దుప్పట్లకూ సిర్కా వాసనే, అదే వెనిగర్ వాసన. సిర్కాలో పులుపు కూడా దీనిదే, కాకపోతే నీళ్లలో పిసరంత. నీళ్లు కలవనిది మాత్రం చలికాలం పొద్దుల్లో సీసాలోనే మంచులా గడ్డకట్టేది. పొయ్యి దగ్గర పెడితే ఆవిరి అంటుకుంటుందని బాపు దాన్ని గోరువెచ్చని నీళ్ల బకెట్లో నిలబెట్టి కరిగించేవాడు.

అలాంటి ఒక పొద్దున, బాపు వేడినీళ్ల కోసం వెళ్లినప్పుడు, నేను చెంచా కాడతో రెండు గడ్డ పలుకులు పెకలించి, ఒకటి సుజాతకిచ్చాను. నాకు పదేళ్లు, ఆమెకు ఏడు. వడగండ్లు పడ్డప్పుడు మేం ఆడే ఆటే: పిడికిట్లో గడ్డను ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటే వాళ్లది గెలుపు. అరచేయి చురుక్కుమనగానే నా పలుకును ఆమె చూడకుండా జారవిడిచి, చేతిని లాగుకు తుడుచుకుని, ఖాళీ పిడికిలి బిగించాను. ఆమె నా పిడికిలినే చూస్తూ నిలబడింది.

"మండుతాంది అన్నా."

"ఓడిపోయినవా మరి?"

"లే."

బాపు వచ్చి ఆమె చేతిమీద చెంబులకు చెంబులు నీళ్లు పోస్తూ, ఎవరు తీశారని అడిగాడు. "సుజాతనే తీసింది" అన్నాను. సాయంత్రానికి ఆమె అరచేతి నిండా పొక్కులు. ఆ తర్వాత బాపు ఆమెను ఆ గదిలోకి రానివ్వలేదు. ఫొటోలు కడగడం నాకు నేర్పాడు. ముఖాలు తేలడం చూడ్డానికి తలుపు దగ్గర కాచుకునే ఆమెకు నేర్పలేదు.

ఇన్నేళ్లకు, సీసాను ఆమె చేతిలోంచి తీసుకుని, ఆ రోజు నా పిడికిలి ఖాళీదని చెప్పాను.

"నాకు ఎర్కనే," అంది సుజాత. "నీ చేతికి పొక్కులు రాలే గద. బాపుకే ఎర్కలేదు."

యాసిడ్‌ను పేరు రాసి ఉన్న దాని సీసాలోకే పోసి, మధ్యాహ్నం ఇద్దరం మేడ్చల్ వెళ్లాం. స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం; ఎర్ర బల్బు, ట్రేలు, ఆ వాసన, ఏవీ లేవు. ఇంట్లో బాపు ఎదురుగా కూర్చుని, "ఆ గడ్డ తీసింది నేను బాపూ, చెల్లె గాదు. నువ్వు అడిగితే అబద్ధం జెప్పిన" అన్నాను.

బాపు నా వైపు చూడలేదు. సుజాత చేయి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అప్పుడే కడిగిన ఫొటోను చూసినట్టు, ఆ అరచేతిని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.