నాలుగో నియమానికి నేనే సాక్ష్యం

ఎదుటివాణ్ణి గంటసేపు కూర్చోబెట్టి వాదిస్తే చాలు, వాడి మనసులోంచి దేవుడు లేచి వెళ్లిపోతాడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. (నమ్మకాలను ఎగతాళి చేసేవాడికి ఇంత పెద్ద నమ్మకం ఉండకూడదని అప్పట్లో తోచలేదు.) ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, ఖానాపురం హవేలిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం, నేనూ, జూలూరుపాడు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నా స్నేహితుడూ. వాణ్ణి అందరం ‘ఆమెన్’ అని పిలిచేవాళ్లం, దేనికైనా ఆమెన్ అనేవాడు కాబట్టి. దేవుడు లేడని నేను అరగంట ఉపన్యాసం దంచినా, చివర్లో చల్లగా ఆమెన్ అని దుప్పటి కప్పుకునేవాడు. మూడేళ్లు గడిచాయి. నా గొంతు బొంగురుపోయింది గానీ వాడి దేవుడు కదల్లేదు.

డిగ్రీ అయ్యాక ఆమెన్‌కు పాస్టరు కావాలని కోరిక. పట్నం శివార్లలోని ఒక సెమినరీలో సీటొచ్చింది, ఫీజుకే దారి లేదు. తండ్రి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీ. సెమినరీ ఇచ్చే స్కాలర్‌షిప్ రాకపోతే సోమవారం నుంచి తనతోపాటు పనిలోకి రావాల్సిందేనని ఆయన ముందే చెప్పేశాడు. ఇంటర్వ్యూకు వాణ్ణి నా బండి మీద నేనే తీసుకెళ్లాను. ప్రిన్సిపాల్ గది ముందు, “నీ కాళ్లు మొక్కుత, నువ్వు లోపలికి రాకురా,” అన్నాడు. సరేనని గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మాత్రం తెరిచే ఉంది.

ప్రిన్సిపాల్ అయ్యగారు ఎర్రుపాలెం వైపు మనిషి, మెత్తని మాట. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లు దాటాలన్నది స్కాలర్‌షిప్‌కు మొదటి నియమం, దాటింది. కుటుంబం పేదదై ఉండాలన్నది రెండోది. అందులో వాడికి తిరుగులేదు. సొంత చర్చి సంఘం సిఫారసు మూడోది, తెచ్చుకున్నాడు. నాలుగోదాని దగ్గర చిక్కు పడింది: శోధనలో విశ్వాసం నిలుపుకున్నట్టు బయటివాళ్లు ఎవరైనా సాక్ష్యం ఇవ్వాలి. (శోధన అంటే వాళ్ల మాటల్లో విశ్వాసానికి ఎదురయ్యే పరీక్ష.)

“నీకేం శోధనలు వచ్చాయి బాబూ?”

“ఏం రాలే అయ్యగారు. మంచిగనే ఉన్న.”

అబద్ధం ఆడటం రానివాడితో ఇదే బాధ. ఆయన కళ్లజోడు తీసి నిట్టూర్చారు. నేనిక ఆగలేక లోపలికి దూకాను.

“ఇదేం నియమం సార్? సాయం కావాలంటే ముందు కష్టాలు తెచ్చుకొని రావాల్నా? ఫీజు కట్టలేకపోవుడు శోధన కాదా?”

“అది పేదరికం బాబూ. రెండో నియమంలోకి వస్తుంది,” అన్నారాయన ఓపికగా. “ఇంతకీ నువ్వెవరు?”

“వీని రూమ్మేట్‌ను. నాస్తికుణ్ణి.” (ఆ మాట అనేటప్పుడు ఛాతీ దానంతటదే ముందుకొచ్చేది.)

“ఇతనితో వాదిస్తుంటావా?”

“రోజూ!”

ఆమెన్‌కు హుషారొచ్చింది. “అన్నం కాడ గూడ ఇడ్వడు అయ్యగారు. నేను కండ్లు మూసి ప్రార్థన చేస్తుంటే నా పళ్లెంల గుడ్డు తిని, ‘ఏందిరా, మీ దేవుడు కాపాడలే?’ అంటడు.”

“కళ్లు తెరిస్తే గుడ్డు దక్కేది కదయ్యా?”

“అవ్. కానీ ప్రార్థన సగంల ఉంటది గద.”

అయ్యగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశారు. ముఖం వెలిగిపోయింది. “మూడేళ్లు! ఇతనితో! ఒకే గదిలో!” అంటూ ఒక తెల్లకాగితం నా వైపు జరిపారు. “నువ్వే రాసివ్వు బాబూ.”

పెన్ను మూత తీశాను. ఒకడి విశ్వాసానికి నేను యోగ్యతాపత్రం ఇవ్వడమా? కానీ కళ్లారా చూసినదాన్నే నిజమనాలని ఊళ్లో అందరి ప్రాణాలూ తోడేసింది నేనే కదా. వీడు ఒక్కనాడైనా చలించాడనడానికి నా దగ్గర ఆధారం లేదు. పేజీ నిండా రాశాను. అడుగున సంతకం కింద ‘స్నేహితుడు’ అని పెట్టబోతుంటే ఆమెన్ తొంగిచూసి, “‘శోధన’ అని రాయరా, నియమం గట్లనే ఉన్నది,” అన్నాడు. అలాగే రాశాను.

ఇప్పుడు వాడు భద్రాచలం దారిలోని అడవి పల్లెల్లో పాస్టరు. నేను వెళ్తే “ఈయనే నా శోధన” అని సంఘానికి పరిచయం చేస్తాడు. ముసలమ్మలు జాలిపడి నా కోసం ప్రార్థన చేస్తారు. మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతూ ఇన్నేళ్లలో ఎన్నో వ్యాసాలు రాశాను. ఏది ఎవరిని మార్చిందో నాకు తెలియదు. తలపెట్టిన పని పూర్తిగా సాధించిన రచన ఆ ఒక్క పేజీయే. దానికి నకలు కూడా ఉంచుకోలేదు.